నాలుక మీద చుక్క

సత్యప్రసాద్ పురుగుమందుల కొట్టు తెరవగానే మాణిక్యాంబ వచ్చి ఒక సీసా బల్ల మీద పెట్టింది. నిన్న పురుగుమందు కోసం వచ్చిన ఆమె భర్తకి, ఇదింకా మంచిదని చెప్పి అతనే అంటగట్టిన సముద్రపు నాచు మందు అది.

వాపసు బేరమే అనుకున్నాడు. ఈ సరుకు వచ్చిన దగ్గర్నుంచీ పాలకొల్లు చుట్టుపక్కల ఒక్క రైతూ నమ్మి కొన్న పాపాన పోలేదు.

"ఇందులో ఏం కలిపారండి?"

"సముద్రంలో పెరిగే నాచు రసమేనండి. పైరుకి బలం. అగ్గి తెగులొచ్చినా తట్టుకుంటుంది."

"పురుగు చస్తుందా?"

"చావదండి. ఇది దేన్నీ చంపదు."

ఆమె నమ్మినట్టు లేదు. మూత తీసి వాసన చూసింది.

"అయితే మీరో చుక్క నాలిక మీద వేసుకోండి, చూస్తాను."

సత్యప్రసాద్‌కి ఒళ్లు మండింది. తను కల్తీ సరుకు అమ్మేవాడిలా కనిపిస్తున్నాడా? అరచేతిలో ఒక చుక్క వంపుకుని కసిగా నాకాడు. ఉప్పగా ఉంది, నీచు వాసన. ఆమె చాలాసేపు అతని మొహంలోకే చూస్తూ నిలబడింది.

"నమ్మకం కుదిరిందా అండి?" వెటకారంగా అడిగాడు.

"కుదిరిందండి. మా ఆయన మళ్లీ వచ్చి ఏ మందడిగినా ఇదే ఇచ్చి పంపండి." ఆమె గొంతు తగ్గింది. "పోయినేడు తుపానుకి పంట పోయిన కాణ్ణించీ ఆయన మనిషి మనిషిలా లేరు. నిన్న మిమ్మల్ని పురుగుమందు అడిగారంటగా. మా చేలో పురుగన్నదే లేదండి."