పందొమ్మిదో పేజీ

సోమవారం పొద్దున్నే, చేతిలో కాఫీ ఇంకా సగం ఉండగానే, ఫిజిక్స్ ప్రొఫెసరు గుండెల్లో రాయి పడింది.

పత్రిక ఎడిటరు పంపిన వ్యాసం ఎదురుగా లాప్‌టాప్‌లో తెరిచి ఉంది. అచ్చు వెయ్యొచ్చో లేదో శుక్రవారం లోపు చెప్పమన్నాడు. ఎవరి సిద్ధాంతాన్ని తప్పుపడుతూ రాస్తే వాళ్లకీ ఒకసారి చూపించడం ఆ పత్రిక ఆనవాయితీ. రాసినవాళ్ల పేరు మాత్రం తీసేసి పంపుతారు.

ఈ వ్యాసం తప్పుపట్టింది ప్రొఫెసరునే.

పదిహేనేళ్ల కిందట అతను కాగితం మీద లెక్కలు కట్టి, ఇంతవరకు ఎవరి కంటా పడని కణం ఒకటి ఉందని తేల్చాడు. అప్పటినుంచి పద్దెనిమిది వందల పన్నెండు వ్యాసాలు ఆ లెక్కను ఉదహరించాయి. కొత్త పరిశోధన కేంద్రానికి డైరెక్టరు ఎవరో వచ్చే నెల కమిటీ తేలుస్తుంది. ఆ అంకె చూశాక ఇంకొకరి పేరు ఎత్తే ధైర్యం ఎవరికుంటుంది? కుర్చీ దాదాపు ఖాయం. నిన్నటిదాకా.

“అమ్మా, నా కొంప మునిగింది!”

అమ్మ బీన్స్ తరుగుతోంది. కాలేజీలో ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఇప్పుడు వంట, నడక, లైబ్రరీ, మధ్యాహ్నాలు ఏవో అంకెల పజిళ్లు. కొడుకు పెళ్లి ఊసెత్తడం కూడా మానేసింది. ఎవరైనా అడిగితే, “వాడు కణాలతో కాపురం చేస్తున్నాడులెండి” అనేస్తుంది.

“ఏమైందిరా?”

“ఎవడో పనీపాటా లేనివాడు నా లెక్క తప్పంటున్నాడు. పందొమ్మిదో పేజీలో కణాల తాకిడికి గీసుకునే బొమ్మల్లో ఒకదాన్నే రెండుసార్లు లెక్కేశానట. రెండుతో భాగించాలట!”

“చిన్నప్పుడూ అంతేగా నువ్వు. సరే, భాగిస్తే ఏమవుతుంది?”

“కణం బరువు సగానికి పడిపోతుంది. అంత తేలికదైతే కణాల్ని వెతికే యంత్రాలకి ఎప్పుడో దొరికుండాలి. దొరకలేదు కాబట్టి అసలు లేనట్టే!”

“మరి ఆ మాట నిజమేనా?”

“నాకేం తెలుసు? ఇంకా చేసి చూడలేదు.”

“ముందు చేసి చూడు. తిట్టడానికేముంది, ఎప్పుడైనా తిట్టొచ్చు.”

చేశాడు. మూడు రోజులు కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాడు. మంచం మీద కాగితాలు, కుర్చీ మీద కాగితాలు, ఫ్రిజ్ మీద కూడా కాగితాలే. ఎటునుంచి మొదలుపెట్టినా ఆ పాడు రెండు వచ్చి ఎదురుగా నిలబడింది.

గురువారం పొద్దున ఒక్క వాక్యం టైపు చేశాడు: ‘వాదనలో స్పష్టత లేదు.’ అంతే చాలు. ఎడిటరు అతని మాట కాదనడు. వ్యాసం చెత్తబుట్టలోకి, తను కుర్చీలోకి. పంపే బటన్ మీద వేలు పెట్టాడు గానీ, అది కదలనంది. ఈలోగా అమ్మ భోజనానికి పిలిచింది.

“కూరలో ఉప్పు మర్చిపోయావమ్మా.”

“పరధ్యానంరా. ఇంతకీ ఏం తేలింది?”

“వాడిదే రైటు.”

అమ్మ కంచంలోంచి తలెత్తింది. “బాగా రాశారా?”

“ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మెట్టు తక్కువ లేదు. పైగా మర్యాదొకటి! ‘ఆ పేజీ రాసేనాటికి రచయితకు సరైన నిద్ర లేకపోయి ఉంటుంది’ అట. నా మీద జాలి చూపిస్తున్నాడు. అదే ఒళ్లు మండుతోంది నాకు.”

“మరి ఆ పద్దెనిమిది వందలమందీ ఏం చేశారురా?”

ప్రొఫెసరు చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. “మొదటి పేజీ చూసి నా పేరు ఎక్కించుకున్నారు. గొర్రెదాటు. మా వాళ్లలో అది మామూలే. నేనూ చేస్తాను.”

“అయితే నీ పేపరుని మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివింది ఈ ఒక్కరే అన్నమాట.” అమ్మ అతని వైపు మంచినీళ్లు జరిపింది. “అలాంటివాళ్ల నోరు నొక్కుతావా, నాన్నా?”

అతనికి సిగ్గేసింది. నిజంగానే, చెవులు వేడెక్కేంత సిగ్గు.

ఎంగిలి చెయ్యి కడుక్కుని తిన్నగా గదిలోకి వెళ్లాడు. పొద్దున రాసిన వాక్యం చెరిపేసి, ‘తప్పు నాదే. తప్పకుండా అచ్చు వెయ్యండి’ అని పంపించాడు. ఆ ఊపులోనే కమిటీ పెద్దకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

“కుర్చీ సంగతి నేను మాటివ్వలేనండీ,” అన్నాడు పెద్దాయన. “అయినా బాధపడకండి. ఖండించినా ఉదహరించినట్టే లెక్క. మీ అంకె పద్దెనిమిది వందల పదమూడు అయింది!”

ఈ నాలుగు రోజుల్లో మొదటిసారి ప్రొఫెసరు పగలబడి నవ్వాడు. సాయంత్రం స్నానాల గదిలో పాట కూడా అందుకున్నాడు. అదీ శ్రుతి తప్పే అనుకోండి.

శుక్రవారం పొద్దున ఎడిటరు జవాబు వచ్చింది: ‘వ్యాసాన్ని పరిశీలించిన మిగతా ఇద్దరూ ఎప్పుడో సరేనన్నారు. మీ మాట కోసమే ఆగాం. ధన్యవాదాలు.’ ఆ మధ్యాహ్నం కూరలో ఉప్పు సరిగ్గా పడింది. ప్రొఫెసరు రెండోసారి వడ్డించుకుంటుండగా బల్ల మీద అమ్మ ఫోన్ టింగుమంది.

“నా కళ్లజోడు ఎక్కడ పెట్టానో ఏమో, అదేంటో చదివి పెట్టరా,” అంది అమ్మ. కళ్లజోడు ఆవిడ నెత్తిమీదే ఉంది.

ప్రొఫెసరు ఎడమచేత్తో ఫోన్ తీసి పైకే చదివాడు: “మేడమ్‌గారికి నమస్కారం, పందొమ్మిదో పేజీలోని పొరపాటు గురించి మీరు రాసిన వ్యాసాన్ని అచ్చుకు తీసుకున్నాం.”