ఎస్తేరు రాణి పెళ్లి

"ముసుగు తియ్యవే రాణీ! గడ్డం గీసుకున్నావో లేదో చూస్తాం!"

సత్రం హాలంతా ఈలలు. యూదుల పూరీమ్ పండుగనాడు మా ద్రోబిన్‌కా ఊళ్లో ఎస్తేరు రాణి నాటకం ఆడాల్సిందే. ఆడవాళ్లు వేషం కట్టకూడదు కాబట్టి రాణి ఏటా రొట్టెల బెంజాయే. గడ్డం మీదే ముసుగు కప్పుకుని వయ్యారంగా నడుస్తాడు. రాజు వేషం నీళ్లు మోసే అన్షెల్‌ది. వాడు గొంతెత్తి పాడాడంటే తాగిన మత్తు కూడా దిగిపోతుంది.

జోళ్లు కుట్టే జెలిగ్‌కు మాత్రం ఆ గొంతు గిట్టదు. కూతురు పెస్యా ఆ పాటలకే పడిపోయింది మరి. ఆమెను తోళ్ల వ్యాపారి జుండెల్‌కు ఇస్తానని జెలిగ్ చేతిలో చెయ్యేసి మాటిచ్చేశాడు. జుండెల్ వయసులో జెలిగ్ కంటే పెద్దవాడు. అయినా మాట తప్పితే ఊళ్లో తలెత్తుకోలేడు. పాపం పెస్యా ఏడ్చి ఏడ్చి, పంటినొప్పంటూ ఇంట్లోనే పడుకుంది.

బల్లలు నిండిపోవడంతో జెలిగ్ వేదిక ముందు నేలమీదే చతికిలబడ్డాడు. రాజుతో పెళ్లి ఘట్టానికి రాణి రాగానే అతని గ్లాసు నోటిదాకా వచ్చి ఆగింది. తర్వాత ఒక్క గుక్కలో తాగేసి లేచాడు.

"ఇదేం పెళ్లిరా? ఎస్తేరు మన యూదుల పిల్ల! మన పద్ధతిలో కానివ్వండి!"

"ఉంగరం ఎక్కడిది మావయ్యా?" అన్నాడు అన్షెల్. ఆ పిలుపుకే జనం పగలబడి నవ్వారు.

జెలిగ్ జేబులోంచి ఇత్తడి రింగు తీసి విసిరాడు. "ఇదిగో. అరువు కాదు, నీకే ఇచ్చేశా. ఇద్దరు సాక్షులు కావాలి. జుండెల్ గారూ, లేవండి! సత్రం తాతా, నువ్వూ రా!"

అన్షెల్ రాణి వేలికి రింగు తొడిగి ఏదో గొణిగాడు.

"గట్టిగా అనరా! వెనకున్నవాళ్లకు వినపడొద్దూ?"

"ఈ ఉంగరంతో, మోషే ధర్మం ప్రకారం, నువ్వు నా భార్యవు!"

ముసుగు తొలగింది. గడ్డం లేదు. పెస్యా!

తలుపు దగ్గర బెంజా పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. మా మతగురువు రబ్బీ గారు లేచారు.

"ఉంగరం అబ్బాయిదే. పిల్ల ఇష్టపడి చెయ్యి చాచింది. సాక్షులు విన్నారు. నాటకమైనా పెళ్లి పెళ్లే."

"నన్ను ముంచేశారు బాబోయ్!" జెలిగ్ గుండెలు బాదుకున్నాడు. "జుండెల్ గారూ, నా మాట..."

"నువ్వేం చేస్తావయ్యా," అన్నాడు జుండెల్ మొహం మాడ్చుకుని. "సాక్షిగా నిలబడింది నేనే కదా."

హాలు దద్దరిల్లింది. క్లారినెట్ అందుకుంది. బల్లలు గోడకు నెట్టేసి ఊరంతా గంతులేసింది.

ఇంటికెళ్లే దారిలో జెలిగ్ భార్య చార్నాకు నవ్వు ఆగలేదు. "దానికి ముసుగేసింది నేనే. భలే బోల్తా పడ్డావయ్యా!"

జెలిగ్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"నేను కుట్టిన జోళ్లు నేను గుర్తుపట్టననుకున్నావుటే, పిచ్చిదానా?"