నల్లపూత మీద అరచెయ్యి

రేడియేటర్‌ను పాడుచేసింది హెడ్డాఫీసు మనిషే. అందులో రెండో మాటకు తావు లేదు.

పరీక్షల గది పెద్దాయన తన కళ్లతో చూశాడు.

అంతరిక్షంలో కరెంటు పుట్టించే అణుయంత్రానికి బిగించాల్సిన రేకు అది. ఆ యంత్రం కరెంటుతోపాటు భగభగమనే వేడినీ పుట్టిస్తుంది. చల్లార్చడానికి అక్కడ గాలి లేదు, నీళ్లు లేవు. ఆ వేడినంతా శూన్యంలోకి వెళ్లగొట్టాల్సింది రేకు మీది నల్లపూతే. దానికి చేతి జిడ్డు అంటిందా, గీకి మళ్లీ వేసుకోవాల్సిందే. అందుకే ఆ గదిలో తుమ్ము వచ్చినా బయటికి పరుగెత్తుతారు.

శనివారంలోపు పరీక్ష నెగ్గకపోతే పని మూసేస్తామని హెడ్డాఫీసు తేల్చి చెప్పింది.

అలాంటి సమయంలో హెడ్డాఫీసు నుంచి వచ్చానంటూ నలిగిన చొక్కా మనిషొకడు దిగబడ్డాడు. చేతి తొడుగు ఊడదీసి, అరచెయ్యి నిండుగా రేకుకు ఆనించాడు.

పెద్దాయన నెత్తి కొట్టుకున్నాడు.

“గేదె వీపనుకున్నావటయ్యా, నిమరడానికి?”

“తప్పయిందండీ. కాగితాల మీద తప్ప ఎప్పుడూ చూడలేదు. ఒక్కసారి ముట్టుకుందామని...”

“ముట్టుకున్నావుగా. ఇక దయచెయ్యి.”

పూత వేసే బావమరిది కల్పించుకుని, వచ్చినాయనకు కనీసం మంచినీళ్లిద్దామన్నాడు. పెద్దాయన చెవిన పెట్టలేదు. తానే గేటు దాకా తోలి వచ్చాడు.

“అక్క పోయిన దగ్గర్నుంచీ నీ కంటికి మనిషన్నవాడు ఆనడం లేదు బావా,” అన్నాడు బావమరిది, పూత గీకుతూ.

పెద్దాయన హెడ్డాఫీసుకు ఫోన్ కలిపాడు. మీరు పంపిన ఘనుడు కొంప ముంచాడనీ, గడువు పెంచి తీరాల్సిందేననీ గుక్క తిప్పుకోకుండా దులిపేశాడు.

అవతల ఫోనెత్తిన ఆవిడ అంతా వింది.

“ఆయన్ని మేం పంపలేదండీ. మీ గడువంటారా, పొద్దున్నే ఆర్నెల్లు పెంచాం.”

ఆ తర్వాత ఆమె చాలాసేపు చెప్పింది. పెద్దాయన ఫోన్ పెట్టేసి గేటు దాకా వెళ్లాడు. ఎండలో రోడ్డు ఖాళీగా ఉంది. తిరిగొచ్చి స్టూలు మీద కూలబడ్డాడు.

“ఏమన్నారు బావా?”

“గడువు పెంచారు.”

“మరి ఆ వచ్చినాయన ఎవరట?”

పెద్దాయన రేకు వైపు చూడలేదు.

“మన పని మూసేయొద్దని హెడ్డాఫీసులో ఇన్నాళ్లూ ఒంటరిగా పోట్లాడి, చివరికి ఆ గడువు కోసం ఉద్యోగమే వదులుకున్న మనిషట. ఇంకెప్పుడూ నన్నీ మాట అడక్కు.”