ఎవరూ వద్దనలేదు

"రేపు నలభై ఆరు డిగ్రీలట," అన్నాడు ఎల్లేష్, భార్యకు వినబడేలా.

"అట్లనా? అయితే ఇంకో రెండు సీసాల సల్ల పోస్త," అంది నిరోష.

"నకిరేకల్ నుంచి రెండు వందల కిలోమీటర్లు. అంతా సైకిల్ మీదనే."

"తెలిసే ఈ సైకిల్ యాత్రకు పేరిచ్చినవ్ గద."

పేరిచ్చినప్పుడు చలికాలం. ఆ సంగతి చెప్పలేక ఎల్లేష్ తల్లి వైపు ఆశగా చూశాడు. అండాలు లేచొచ్చి కొడుకు అంగీ జేబులో ఉల్లిగడ్డ పెట్టింది.

"ఇది ఉంటే వడదెబ్బ తగలదు బిడ్డా. పోయిరా."

అంతలో ఫోన్ మోగింది. రేపు తనతో రావలసిన నరహరి. ఎల్లేష్ స్పీకర్ పెట్టాడు.

"అన్నా, నేను రాను. మీ చెల్లె ఒకటే ఏడుపు. పోవద్దంటాంది."

వెనక నుంచి నరహరి భార్య గొంతు వినబడింది. "నేనెప్పుడన్న? పొద్దటిసంది నీ బూట్లు తుడుస్తున్న."

అదే అబద్ధం ఎల్లేష్ నాలుక మీద కూడా సిద్ధంగా ఉంది. అతను నిరోషను చూశాడు. ఆమె తల ఎత్తకుండా సీసాలు కడుగుతూనే ఉంది.

"నరహరీ, మా ఇంట్ల ఎవ్వరూ వద్దనలే. నాకే భయమైతాంది."



"నాక్కూడనే అన్నా," అన్నాడు నరహరి, చాలా చిన్న గొంతుతో.

నిరోష చేతులు తుడుచుకుని వచ్చి, భర్త జేబులోంచి ఉల్లిగడ్డ తీసుకుంది.

"గీ మాట జర ముందుగాల చెప్తే పప్పుల ఏసేదాన్ని. ఇంట్ల గిదొక్కటే ఉండె."