చెత్త తీసేసిన పాట

"ఇది తీసేస్తున్నానే" అన్నాడు నాన్న, కూతురి ఫోను చేతిలో తిప్పుతూ.

పిచ్చుక పరుగున వచ్చింది. "ఏది నాన్నా?"

"ఆ పాట. ఫోను నిండిపోయి పాఠాలు తెరుచుకోవట్లేదని గోలపెట్టింది నువ్వేగా? ఇదొక్కటే బోలెడు చోటు తింటోంది. మొదట్లో కాస్త విన్నా. పాటో, కుళాయో తెలీలేదు."

"అది వద్దు నాన్నా. ఇంకేదైనా తీసెయ్."

"అసలు రికార్డు ఇంట్లోనే ఉంది కదే! దాంట్లోంచి అద్దంలాంటి కాపీ నా దగ్గరుంది. అది ఇస్తా."

నాన్న స్టూడియోలో చేసే పనే అది. గాయకుల దగ్గు, కుర్చీల కిర్రు, గాలి హోరు, అన్నీ బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరి పారేస్తాడు. తన కంప్యూటర్లోంచి ఆ కాపీ వినిపించాడు. పాట కడిగిన గాజుగ్లాసులా ఉంది.

"రికార్డులో చిటపటమని వస్తుందే, అదేది?"

"చెత్త కదా, తీసేశా."

"చెత్తని ఎలా తెలుసు?"

"పాట కానిదంతా చెత్తే."

పిచ్చుక తల దించుకుంది. బడిలో కూడా పెదవి విప్పని పిల్లకి వేళాకోళంగా ఇంట్లో పెట్టిన ముద్దుపేరే పిచ్చుక. ఆ పాటలో ఏముందో నోటితో చెప్పగలిగితే ఎప్పుడో చెప్పేది.

"పందెం" అంది చివరికి. "రికార్డూ విను, నాదీ విను. మొత్తం వినాలి. నాది బాగుంటే ఉంచాలి."

నాన్న నవ్వాడు. అలవాటు తప్పిన నవ్వు, సగంలోనే ఆగిపోయింది. "నాతోనే పందెమా! ఓడితే ఏడవకూడదు మరి."

ముందు గదిలో రికార్డు ప్లేయరు మూత ఎత్తాడు. వేలికి దుమ్ము అంటింది. మెత్తటి గుడ్డతో రికార్డు తుడిచి ముల్లు ఆనించాడు. కాసేపు చిటపట. తర్వాత పాట గదంతా నిండింది. గాయని ఊపిరి తీసుకోవడం కూడా పక్కనే కూర్చున్నట్టు వినిపించింది.

"ఆ నిండుదనం చూశావా?"

"బాగుంది" ఒప్పుకుంది పిచ్చుక. "ఇప్పుడు నాది."

అదీ ఈ రికార్డు పాటే. నిరుడు ఇంట్లో మోగుతుంటే ఫోనులో పట్టింది. చిన్న స్పీకరు తీసుకెళ్లి వంటగది గట్టు మీద పెట్టి వచ్చింది.

"అక్కడెందుకే?"

"అక్కడైతేనే బాగుంటుంది."

నాన్న కాగితం, పెన్ను తీసుకున్నాడు. వినిపించిన తప్పులు రాసుకోవడం ఆయనకి స్టూడియో అలవాటు. పిచ్చుక ఫోను నొక్కింది.

"ఒకటి, ఫ్యాను హోరు. రెండు, కుళాయి. మూడు, పాట బావిలోంచి వస్తున్నట్టుంది. నాలుగు..."

వంటగదిలో గిన్నె చప్పుడైంది.

"ఏమండీ, పాట ఎక్కడికీ పారిపోదు. వడ్డించేస్తున్నా, రండి!" అమ్మ గొంతు.

నాన్న పెన్ను ఆగిపోయింది.

"పిచ్చుకా, ఇది ఇక్కడ పెట్టావేమే? నీళ్లు పడితే మళ్లీ నన్నంటావు."

పిచ్చుక కళ్లెత్తి నాన్న ముఖంలోకే చూస్తోంది.

"మీ నాన్నకెక్కడ వినపడుతుంది! మూడుసార్లు అరిస్తే గానీ లేచే మనిషా?"

నిజమే. మూడో పిలుపు దాకా నాన్న కుర్చీలోంచి కదిలేవాడు కాదు. ఈసారి మొదటి పిలుపుకే లేచి నిలబడ్డాడు.

"వస్తున్నా" అన్నాడు.

అమ్మ వినిపించుకోలేదు. "ఏమండీ, మిమ్మల్నే!"

"వస్తున్నా అంటున్నాగా..."

కాగితం జారి కింద పడింది. దాన్ని తొక్కుకుంటూ వంటగది వైపు నడిచాడు.

"నాన్నా" అంది పిచ్చుక మెల్లగా. "తీసెయ్యనా?"

నాన్న వెనక్కి తిరగలేదు. తల మాత్రం అడ్డంగా ఊపాడు, ఒకసారి కాదు, చాలాసార్లు.

ఆయన గుమ్మం దాటేసరికి పాట అయిపోయింది, చల్లారిన పొయ్యి పక్కన స్పీకరు ఒక్కటే ఉంది. అమ్మ పోయి ఆ రోజుకి పదకొండు నెలలు.