మ్యూజియానికి పది చేతులు

“పదమూడు చేతులు మనయే సుభాన్. పది లేస్తే చాలు,” అన్నాడు రామచంద్రయ్య, జేబులోంచి కౌన్సిలర్ల పేర్లు రాసుకున్న నలిగిన కాగితం తీసి.

సుభాన్ మ్యూజియానికి తాళం తీసే మనిషి, తుడిచే మనిషి, వచ్చినవాళ్లకు వివరించే మనిషి. వచ్చేవాళ్లే తక్కువ కాబట్టి అన్నిటికీ ఒక్కడే సరిపోతున్నాడు. కాగితం మీదికి వంగి చూశాడు.

“ఏడో వార్డును గూడ ఒకసారి అడుగరాదన్నా?”

“అది మనదేనయ్యా. దానికి అడుగుడేంది?”

మ్యూజియం అంటే పెద్ద భవనమేమీ కాదు. మూతపడ్డ రైసుమిల్లులో అద్దెకు తీసుకున్న రెండు గదులు. గోపాల్‌పేట రైతు ఒకాయన ఇచ్చిన, బావి నీళ్లు తోడే తోలు మోట, వడ్డేపల్లి దిక్కు నుంచి బండిలో వేసుకొచ్చిన గుంట మగ్గం, మట్టిపనికి బొంబాయి పోయిన పాలమూరు కూలీల తట్టలు, పారలు. ఇరవై ఏళ్లు ఊరూరా తిరిగి ఏరుకొచ్చాడు రామచంద్రయ్య. సర్కారు పెట్టింది కాదు, పెద్దలెవరూ వెనక లేరు. నిరుటి వానలకు కప్పు కారి మగ్గం కర్రలకు చెద పట్టింది. మిల్లు యజమాని ఇక తనకు ఓపిక లేదనేశాడు. ఏటా ఇంత సాయం చేస్తామని మున్సిపాలిటీ తీర్మానిస్తే మ్యూజియం నిలుస్తుంది. లేకపోతే వచ్చే నెల సామానంతా పాత ఇనుము కొనేవాడికే. తోలు మోటనైతే వాడూ తీసుకోడు.

అందుకే 2008లో ఆ వేసవంతా కౌన్సిలర్ల ఇళ్ల చుట్టూ తిరిగాడు. కౌన్సిల్లో పంతొమ్మిది మంది. అందులో ఆడవాళ్లు ఏడుగురు, అదీ పేరుకే. తీర్మానాల పుస్తకం ఇంటికే వచ్చేది. మొగుడు వేలు పెట్టి చూపిన చోట పెళ్లాం సంతకం పెట్టేది. కొందరు ఘనులు ‘కౌన్సిలర్ గారి భర్త’ అని కార్డులు కూడా అచ్చేయించుకున్నారు. ఊళ్లో ఎవరికీ ఇది వింతగా తోచలేదు. రామచంద్రయ్యకు అసలే తోచలేదు.

పదకొండో వార్డు కౌన్సిలర్ బాలమ్మ. వాళ్లింట్లోనూ ఆమె మొగుడు కురుమూర్తితోనే మాట్లాడాడు.

“నీ పని అయినట్టే అన్నా. మా ఇంటి చెయ్యి లేస్తది, ఫికర్ చెయ్యకు,” అన్నాడు కురుమూర్తి.

బాలమ్మ చాయ్ తెచ్చి అక్కడే నిలబడింది. “సారూ, ఆ మ్యూజియంల ఏమేముంటయి?”

“అవన్ని నీకెందుకే? లోపలికి పో,” అన్నాడు మొగుడు.

రామచంద్రయ్య చాయ్ తాగి, కాగితం మీద టిక్కు పెట్టుకుని లేచాడు. ఆమెకు జవాబు చెప్పాలని తోచనే లేదు మహానుభావుడికి.

సమావేశం రోజున వచ్చిపడింది చిక్కు. కొత్తగా వచ్చిన కమిషనర్ తలుపు దగ్గరే నిలబడ్డాడు.

“సభ్యులు కానివాళ్లంతా బయటికి వెళ్లండి. ఇకనుంచి ఎవరి చెయ్యి వాళ్లే ఎత్తాలి.”

మొగుళ్లు గొణుక్కుంటూ వరండాలోకి వచ్చారు. రామచంద్రయ్యా వాళ్లతోపాటే వచ్చి కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. పక్కన సుభాన్.

మ్యూజియం సంగతి వచ్చింది. సరే అన్నవాళ్లు చేతులెత్తమన్నాడు చైర్మన్.

రామచంద్రయ్య లెక్కపెట్టాడు. ఏడు, ఎనిమిది, తొమ్మిది. అక్కడే ఆగిపోయింది. బాలమ్మ చెయ్యి ఒడిలోనే ఉంది. మరో ఇద్దరు ఆడవాళ్లవీ అంతే.

“ఏయ్, చెయ్యి లేపే!” అని కురుమూర్తి కిటికీలోంచి అరిచాడు. ఆమె తలైనా తిప్పలేదు.

వద్దన్నవాళ్లు చేతులెత్తారు, వాళ్లలో బాలమ్మా, ఆ ఇద్దరూ కూడా. అవీ తొమ్మిదే. ఎటూ ఎత్తని చెయ్యి ఒక్కటే మిగిలింది. అది ఏడో వార్డు జానకమ్మది.

“యా అల్లా! బతికినమన్నా,” అన్నాడు సుభాన్. హమ్మయ్య అనుకున్నాడు రామచంద్రయ్య. కాస్త నవ్వాడు కూడా.

“ఏమమ్మా, నువ్వెటు?” అని అడిగాడు చైర్మన్.

జానకమ్మ లేచి నిలబడింది. మూడేళ్లలో ఆ సభలో ఆమె గొంతు ఎవరూ విన్నది లేదు.

“మ్యూజియం మంచిదే సారూ. అది పోతే నాకు గూడ బాధే. గని అందరి ఇండ్లకు పోయిండ్రంట, బతిమిలాడిండ్రంట. నన్ను ఒక్కలన్న అడిగిండ్రా? నాది చెయ్యి గాదా? మా వార్డుల నాలుగు దినాలకొకసారి నల్లా వస్తది. ఆ ముచ్చట సభల పెట్టమని మొత్తుకుంటే ఇన్నోళ్లు లేరు. మొదలు మాకు నీళ్లియ్యుండ్రి. నేను వద్దనే అంటున్న.”

చెయ్యెత్తింది. అటు పది అయ్యాయి.

వరండాలో ఉన్న మొగుళ్లంతా రామచంద్రయ్య ముఖంలోకే చూశారు. పాపం, ఇరవై ఏళ్ల కష్టం అయిదు నిమిషాల్లో మట్టిపాలైంది.

“ఇప్పుడేం జేద్దమన్నా?” అన్నాడు సుభాన్.

“నాకు తెల్వదు. ఆ సామానంత ఏడ పెడదమో నాకు తెల్వదు సుభాన్.”

సాయంత్రం దాకా రైసుమిల్లులో మగ్గం పక్కనే కూర్చున్నాడు. సుభాన్ ఎన్నిసార్లు లెమ్మన్నా లేవలేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియలేదు. చివరికి తానే లేచి ఇంటిదారి పట్టాడు.

కాళ్లయినా కడుక్కోకుండా వచ్చి గోడకు చేరగిలబడ్డ రామచంద్రయ్య ముందు జొన్నరొట్టెల కంచం పెట్టి, “ఇరవై మూడేండ్ల కాపురంల నన్నొక్క మాట అడిగింది లేకపాయె, గీ ఒక్కసారన్న అడిగితే రెండు చేతులు లేపకపోతుంటినా?” అంది జానకమ్మ.