సున్నా మడి

సున్నా మడిలో నాలుగు మొక్కలు పచ్చబడ్డాయి.

మిరపతోట పచ్చబడితే ఎవరైనా సంతోషిస్తారు. జ్యోతిర్మయికి మాత్రం గుండె గుభేలుమంది.

వినుకొండ దాటాక రోడ్డు పక్కన కౌలుకు తీసుకున్న ఆ ఎకరం తోటే ఆమె పరిశోధన. ఒక్కో మడికి ఒక్కో మోతాదు యూరియా. ఒక్క మడికి మాత్రం యూరియా పలుకు కూడా వేయలేదు. అదే సున్నా మడి. దాన్ని పస్తు పెడితేనే మిగతావాటికి ఎంత తిండి చాలుతుందో తేలుతుంది. వారానికోసారి జ్యోతిర్మయి ఒక చిన్న సెన్సర్‌తో ఆకును పట్టుకుంటుంది. అది ఆకులోంచి వెలుగు పంపి, మొక్కలో నత్రజని ఎంతుందో అంకెలో చెబుతుంది. కూలీలు దానికి ఆకుల థర్మామీటరు అని పేరు పెట్టారు.

సున్నా మడి చుట్టూ ఎర్ర తాడు ఉంది. పనిలోకి వచ్చిన ప్రతి మనిషికీ జ్యోతిర్మయి మొదట చెప్పే మాట ఒకటే. "ఈ తాడు లోపల నేను తప్ప ఎవరూ తొక్కకూడదు."

"ఏం పాపం చేసిందమ్మా ఇది, కడుపు మాడుస్తున్నావు?" అని కూలీల్లో పెద్దదైన రసూల్‌బీ నవ్వేది.

ఆ మడిలో అంకె ఎప్పుడూ ముప్పై ఆరు దాటలేదు. అలాంటిది పంపుషెడ్డు వెనక, తాడు అంచున ఉన్న నాలుగు మొక్కలు నలభై రెండు చూపించాయి. మీటరు తుడిచి మళ్లీ చూసింది. అదే అంకె. మరుసటి వారం నలభై ఏడు. ఆపై వారం యాభై.

ఇదే చివరి పంట. ఈ మడి చెడితే రెండేళ్ల చదువు పోయినట్టే.

"ఎవరో యూరియా నీళ్లు పోస్తున్నారమ్మా," అన్నాడు మేస్త్రి బుల్లయ్య.

"మన బస్తాలేనా?"

వెళ్లి చూసొచ్చాడు. కుట్టిన బస్తాలు కుట్టినట్టే ఉన్నాయి. "ఇంటికాణ్నించి తెస్తున్నారేమో. మనోళ్లకి జాలి ఎక్కువ గదా!"

జ్యోతిర్మయికి రెబ్కా గుర్తొచ్చింది. ఆ పిల్ల పనిలో చేరి మూడు వారాలు. పాతికేళ్లుండవు. కలుపు తీస్తూ తల ఎత్తదు, ఎవరితోనూ మాట్లాడదు. జాకెట్టు చెమటకు తడిసిపోతున్నా పైట ఒంటి చుట్టూ బిగించుకునే ఉంటుంది. మధ్యాహ్నం అందరూ అన్నాలకు కూర్చుంటే, తను స్టీలు గ్లాసు పట్టుకుని షెడ్డు వెనక్కి పోతుంది.

ఆ రోజు జ్యోతిర్మయి చప్పుడు చేయకుండా వెనకే వెళ్లింది.

రెబ్కా తాడుకు ఇవతల గొంతుక్కూర్చుని, చెయ్యి చాపి, గ్లాసులోది మొక్కల మొదళ్లలో కొంచెం కొంచెంగా వంచుతోంది. బాట మీద చుక్క పడనివ్వడం లేదు. గ్లాసు తొలిచి, ఆ నీళ్లు కూడా అక్కడే పోసింది.

"ఏం పోస్తున్నావు?"

రెబ్కా ఉలిక్కిపడింది. ముందు పైట సర్దుకుంది. ఆ తర్వాతే గ్లాసు దాచింది.

"మూడు వారాల్నుంచీ నువ్వేనా?"

తల ఊపింది.

"ఇంత పొలం ఉండగా ఇక్కడే ఎందుకు?"

"ఇక్కడ ఎవరూ తొక్కరని మీరే చెప్పారు గదమ్మా."

జ్యోతిర్మయికి అది ఎగతాళిలా వినిపించింది. ఎవరూ రారు, ఎవరూ చూడరు అనుకుందన్నమాట. కోపం నషాళానికంటింది. "నా రెండేళ్ల కష్టం మట్టిలో కలిపావు. రేపట్నుంచి పనికి రావొద్దు."

రెబ్కా ఏదో చెప్పబోయింది. అంతలో బుల్లయ్య వచ్చి నిలబడేసరికి ఆ మాట మింగేసింది. "పన్లోంచి తియ్యొద్దమ్మా. ఇంట్లో ఉండలేకపోతున్నా," అని మాత్రం అంది.

జ్యోతిర్మయి కరగలేదు. ఆ నాలుగు మొక్కలూ పీకేయమంది. అవి పోతే మిగతా మడి అయినా దక్కుతుంది. బుల్లయ్య ఒక్కొక్కటే వేళ్లతో సహా లాగి గట్టు మీద పడేశాడు. అప్పటిదాకా రాయిలా నిలబడ్డ రెబ్కా, నాలుగో మొక్క లేచేసరికి బావురుమంది. వాడిపోతున్న ఆ నాలుగింటినీ ఒళ్లోకి తీసుకుని, పైట కొంగు కప్పుకుని వెళ్లిపోయింది.

పొద్దు వాలాక రసూల్‌బీ కొడవలి అప్పజెప్పడానికి వచ్చింది. పొద్దస్తమానం నవ్వే మనిషి, ఇవాళ మొహం చూపించడం లేదు.

"నన్ను తప్పు పడుతున్నావా?" అంది జ్యోతిర్మయి. ఆమెకూ లోపల బాగాలేదు. "మొక్కలు పీకితే మాత్రం అంత ఏడుపేంటి? మొక్కల మీద జాలితో మనిషి చదువు పాడు చేస్తారా?"

"మొక్కల మీద జాలి కాదమ్మా," అంది రసూల్‌బీ.

కొడవలి కింద పెట్టి, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"మూణ్ణెల్ల పసిగుడ్డుని మట్టిలో పెట్టొచ్చి నెలయ్యింది, రెబ్కాకి పాలు మాత్రం ఆగట్లేదు, చనుబాలు ఒకరి కాళ్ల కింద పడకూడదు, ఎవరూ తొక్కని చోటు చూసి పొయ్యమని చెప్పింది నేనే."